మా వార్ధానీరు సముద్రంలో కలిసేచోట

బామ్ని ఎక్కడున్నదని అడిగేవారే ఎక్కువ. బల్లార్షా స్టేషను మాత్రం తెలియని తెలుగువాడుండడు. ఢిల్లీకి పోయేవారు, తిరిగి వచ్చేవారు అక్కడ ఒకసారి ప్లాట్‌ఫారం మీదికి దిగి కాళ్ళు సాగదీసుకోకుండా ఉండరు. ఆ బల్లార్‌పూరును ఆనుకునే మా బామ్ని ఉన్నది. చంద్రపురం నుంచి వచ్చే రోడ్డు మా ఊరి దగ్గిరనే చీలి, ఒకటి వార్ధానది దాటి రాజురాకు, మరొకటి కోఠారి వైపుకు పోతాయి. కాగితపు మిల్లు, బొగ్గుగనులు, రైల్వే, ఈ మూడింటి పుణ్యమా అని ఇక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు కొల్లలు. పైగా నదికి ఆవలనున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలోనిదే గదా! అందుచేత సంతలో కూరగాయలమ్మే ముసలమ్మ మరాఠీలో ధర చెప్పి, మనం మొగం చిట్లిస్తే తెలుగులో తగ్గిస్తుంది.

ఇంత లోతట్టు ఊళ్ళో ఉంటూ సముద్రాన్ని గురించి వ్రాయడమేమిటని మన సంఘంలోని మిత్రులు నవ్వవచ్చు. రైలుస్టేషన్లలో పచ్చని పలకల మీద ఊరి పేరు కింద, సముద్రమట్టానికి ఆ స్థలం ఎంత ఎత్తున ఉన్నదో చిన్న అక్షరాలతో వ్రాసి ఉంటుంది. మా ప్రాంతం నూట డెబ్బై మీటర్లకు పైమాటే. సముద్రుడు మా గుమ్మం తొక్కాలంటే ప్రళయమే రావాలి. కాని సముద్రానికీ మాకూ నడుమ ఒక చుట్టరికం ఉన్నది. అది మా వార్ధానది.

వార్ధ మధ్యప్రదేశంలో, సాత్పురా కొండలలో ముల్తాయి సమీపాన పుట్టి, విదర్భనంతా ఒరుసుకుంటూ మా ఊరిపక్కగా పోయి, దిగువన వైనగంగతో కలుస్తుంది. ఆ రెండూ కలిసిన తరవాత దాని పేరు ప్రాణహిత. ఎవరు పెట్టారోగాని ఎంత చక్కని పేరు! ప్రాణహిత సుమారు 113 కిలోమీటర్లు నడిచి కాళేశ్వరం దగ్గిర గోదావరిలో పడుతుంది. గోదావరికి ఉపనదులలో ఇదే పెద్దది. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడోవంతుకు పైగా దీనిదే. 2022 జూలైలో మా రాజురా వంతెన వరదలో మునిగి రాకపోకలు నిలిచిపోయినప్పుడు, ఇక్కడి నీళ్ళే నాలుగైదు రోజులకు భద్రాచలం దగ్గిర 71 అడుగులు దాటించాయి. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరవాత అంతటి వరద అదే. నీళ్ళు పోయినవి సరే, వాటితోపాటు పోవలసిన మట్టి సంగతి ఏమిటి? ఈ వ్యాసంలో చెప్పదలచుకొన్నది దాన్ని గురించే.

మా అత్తవారిది కాకినాడకు ఉత్తరాన, ఉప్పాడ పక్కనున్న కొత్తపల్లి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గిర తీరం దాటినప్పటినుంచీ మా ఆవిడకు నిద్రపట్టలేదు. వెళ్ళి చూసి రమ్మని పోరింది. నాకూ చిరకాలంగా మా నది చివర చూడవలెనన్న కోరిక ఉన్నది. బల్లార్షాలో బండి ఎక్కాను.

స్టేషను దాటిన కాసేపటికే బండి వార్ధానది మీదుగా పోతుంది. మంచిర్యాల దాటగానే గోదావరి వస్తుంది. బండిలోనివారంతా అలవాటుగా చిల్లరడబ్బులు తీసి నదిలో వేశారు. మా నీరు ఇంకా కలవని గోదావరి అది. మా ప్రాణహిత ఇంకా దిగువన గాని చేరదు. తిరిగి విజయవాడ మీదుగా చుట్టుతిరిగి, కొవ్వూరు దాటి రాజమహేంద్రవరం వంతెన ఎక్కినప్పుడు కనబడే గోదావరిలో మాత్రం మా వాటా ఉన్నది. అక్కడ నేనూ ఒక రూపాయి వేశాను.

రాజమహేంద్రవరానికి దిగువన ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తిచేయించాడు. దాని స్థానంలో ఇప్పుడున్న బారేజీకి ఆయన పేరే పెట్టారు. కోనసీమవారు నేటికీ ఆయన పటానికి దండలు వేస్తారు, వేయవలసిందే. అయితే ఆ ఆనకట్ట కట్టింది డెల్టా మీద. డెల్టాను కట్టింది మాత్రం నది. పైనుంచి, దక్కను పీఠభూమి నుంచి, మా విదర్భ నల్లరేగడి నుంచి, బస్తరు అడవుల నుంచి వేల ఏళ్ళుగా వరదనీటితో వచ్చిన ఒండ్రు సముద్రం అంచున పేరుకొని పేరుకొని కోనసీమ అయింది. అంటే అక్కడి కొబ్బరితోటల కింద మా బామ్ని మట్టి కూడా కొంత ఉన్నదన్నమాట. ఈ మాట అంటే మా అత్తవారు, "అయితే అల్లుడుగారికి కట్నం ముందే ముట్టిందన్నమాట" అని నవ్వారు.

డెల్టా మట్టికి ఒక స్వభావం ఉన్నది. కొత్తగా పడిన ఒండ్రు వదులుగా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ తన బరువుకు తానే అణగి కుంగుతుంది. ఏటా పైన కొత్తమట్టి పడుతున్నంతకాలం ఆ కుంగుబాటు తెలియదు. మట్టి రావడం తగ్గితే నేల దిగుతుంది, అలలు గట్టును కోస్తాయి. జీతం ఆగిపోయిన ఇంట్లో ఖర్చులు ఆగనట్టే ఇది. ఆంధ్రవిశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన పరిశోధకులైన ఆచార్య కాకాని నాగేశ్వరరావుగారూ వారి సహచరులూ 2010లో ప్రకటించిన లెక్క చూడండి: గోదావరి మోసుకువచ్చే ఒండ్రు 1970–79 మధ్య ఏటా సుమారు 15 కోట్ల టన్నులు ఉండేది, 2000–2006 నాటికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయింది. కృష్ణమ్మ సంగతి మరీ అన్యాయం. 1960ల చివర 90 లక్షల టన్నులు తెచ్చేది, ఇప్పటి శతాబ్దం మొదట్లో 4 లక్షల టన్నులకు దిగజారింది. ఆ రెండు డెల్టాల తీరం మొత్తం 336 కిలోమీటర్లు. 1965 మొదలు 2008 దాకా, పెరిగినచోట పెరిగినది తీసివేస్తే, నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిందని వారు తేల్చారు.

మట్టి ఎక్కడ ఆగింది? పైఠన్ దగ్గిర జాయక్‌వాడిలో, పోచంపాడులో, మా వైపు ఎగువ వార్ధలో, వైనగంగ మీద గోసీఖుర్దులో, ఇంకా పేరు తెలియని వందల ఆనకట్టల వెనుక. ఆ ఆనకట్టలను తిట్టడానికి నాకు నోరు రాదు. వాటి నీరు తాగినవాళ్ళం, వాటి కరెంటుతో దీపం పెట్టుకొన్నవాళ్ళం. కాని ఒక చోట పంట పండితే మరొకచోట నేల కరుగుతున్నదని లెక్కపుస్తకంలో ఎవరో ఒకరు వ్రాసి ఉంచాలి. ఇది గాక ఇసుక. మా ఊళ్ళో కొత్త ఇల్లు లేచిందంటే వార్ధ పడకలో ఒక గుంట పడిందన్నమాటే. ట్రాక్టరు మీద పోతున్న ఆ ఇసుకకు ఇంకొక గమ్యం ఉండేదని ఉప్పాడ చూసినదాకా నాకు తోచలేదు.

దారిలో అంతర్వేది వెళ్ళాను. వశిష్ఠపాయ సముద్రంలో కలిసేచోట లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. నదీ సముద్రమూ ఒరుసుకొనే ఇసుక మేటను అక్కడివారు అన్నాచెల్లెళ్ళగట్టు అంటారు. ఎంతటి పేరు! నీటిరంగు అటు ఒక విధం, ఇటు ఒక విధం. మా వార్ధ ఇన్ని పేర్లు మార్చుకొని చివరకు వచ్చిన పుట్టిల్లో మెట్టినిల్లో ఇదే. నమస్కారం చేసుకొని వచ్చేశాను.

అక్కడికి దగ్గిరలోనే శంకరగుప్తం డ్రైను ఉన్నది. పొలాల మురుగునీరు సముద్రానికి పోవడానికి తవ్విన కాలవ అది. ఇప్పుడు పోటు సమయంలో సముద్రపు నీరే దాని వెంట పైకి వస్తున్నది. కేశనపల్లి మొదలైన ఊళ్ళలో కొబ్బరిచెట్లు మొవ్వులు రాలి మొండి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. ఉప్పాడలో సముద్రం బాహాటంగా దాడి చేస్తుంది. ఇక్కడ మాత్రం దొడ్డిదారిన వచ్చి వేళ్ళు పట్టుకొన్నది. కోనసీమలో కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకు అంటారు. ఒక రైతు ఏమీ అనకుండా చెట్టు మొదలు మీద చేయివేసి నిలబడ్డాడు. నేను కూడా ఏమీ అడగలేదు.

కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం ఒడ్డు వెంబడి రోడ్డున్నది. ఉన్నదనడం కొంత సాహసమే; ప్రతి తుఫానుకూ ఇది తెగుతుంది, మళ్ళీ వేస్తారు. మొంథా కెరటాలకు తారు పలకలు పలకలుగా లేచి, రక్షణకు పోసిన బండరాళ్ళు రోడ్డు మీదికే వచ్చి కూర్చున్నాయి. మా చిన్నమామగారు నన్ను స్కూటరు మీద తీసుకువెళ్ళారు. ఆయన వృత్తి నేత. ఉప్పాడ జాందానీ పేరు వినని ఆడవారుండరు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుంటమగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పువ్వు పువ్వుకూ వేరువేరు దారం చేతితో అల్లుతారు. తుఫాను వానలకు మగ్గం గుంటలో నీరూరితే పని ఆగిపోతుంది. బామ్నిలోని మన సంఘం స్త్రీలు నాకు చేతికిచ్చిన చీరల జాబితా చూపితే మామగారు, "గుంట ఆరనివ్వండి అల్లుడుగారూ, అప్పుడు చూద్దాం" అన్నారు.

ఉప్పాడలో ఇళ్ళ వరస ఒకటి సముద్రం మీదికి తెరుచుకొని ఉన్నది. గోడలు సగానికి తెగి, లోపలి నీలం సున్నం, దేవుడి గూడు, గోడకు కొట్టిన మేకు బయటికి కనబడుతున్నాయి. సూరాడపేట, మాయాపట్నం, కోనపాపపేట, అన్నిచోట్లా ఇదే కథ. ఒక మత్స్యకారుల పెద్ద మమ్మల్ని చూసి దగ్గిరకు వచ్చాడు.

"మా తాత ఇల్లు ఎక్కడండీ అంటే అదిగోనండి, ఆ బోటు ఉందే, అక్కడండి," అని నీళ్ళలోకి చేయి చాపాడు. "మా నాన్నది దానికివతల. నాది మొన్న పోయిందండి."

"ఇప్పుడెక్కడ ఉంటున్నావు తాతా?"

"కూతురింట్లోనండి. ఆయ్, దానిదీ ఎన్నాళ్ళోలెండి."

తుఫాను వెలిసిన మర్నాడు ఉప్పాడ ఒడ్డున ఇంకొక దృశ్యం చూడవచ్చు. ఆడవారు, పిల్లలు దువ్వెనలతో ఇసుక గీరుతూ బంగారపు నలుసులకోసం వెతుకుతారు. 2020లో నివర్ తుఫాను తరవాత ఈ వార్త దేశమంతటా పాకింది. ఎప్పుడో మునిగిన ఇళ్ళలోని, గుడులలోని బంగారమే ఇలా తిరిగివస్తుందని అక్కడివారి నమ్మకం. దినపత్రికలవారికి అది వింతగా తోచింది. నాకేమో, తాతలు పోగొట్టుకొన్నదాన్ని మనుమలు రవ్వలు రవ్వలుగా ఏరుకొంటున్నట్టు తోచి మనసు బరువెక్కింది.

ఉప్పాడే ఎందుకు ఇంతగా కోతకు గురి అవుతున్నది? మన తూర్పుతీరంలో ఒడ్డు వెంబడి ఇసుక నడుస్తుంది. నైరుతి గాలుల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి. మొత్తంమీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. గోదావరి ముఖద్వారం నుంచి అలా నడిచిన ఇసుకే గత రెండు శతాబ్దాలలో పొడవైన నాలుకలాగా పెరిగి హోప్ ఐలండ్ అయింది. అది కాకినాడ రేవును అలల నుంచి కాపాడుతుంది. కాని దాని కొస దాటినచోట అలలు వంగి ఉప్పాడ మీద పడతాయి. ఉత్తరానికి రావలసిన ఇసుక ఆ దిబ్బ దగ్గిర, రేవు గోడల దగ్గిర చిక్కుకుంటుంది. ఒకరికి గొడుగు పడితే పక్కవాడి మీద చూరునీళ్ళు పడ్డట్టు ఉన్నది వ్యవహారం.

ఇక సముద్రమే పెరగడం. ప్రపంచమంతటా సగటు సముద్రమట్టం 1901 నుంచి 2018 దాకా 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తరవాత ఏటా 3.7 మిల్లీమీటర్ల వేగం పుంజుకొన్నది. బియ్యపుగింజ మందం ఎంత అని తీసిపారేయకండి. చదునైన డెల్టాలో నిలువుగా ఒక బెత్తెడు లేస్తే, అడ్డంగా ఎన్ని పొలాలు పోతాయో లెక్క వేయండి. నీరు వేడెక్కి వ్యాకోచించడం, హిమానీనదాలు కరగడం దీనికి కారణాలు. ఆ వేడికి మూలం మనం కాల్చే బొగ్గు, నూనె. మా చంద్రపురం థర్మల్ కేంద్రం 2,920 మెగావాట్లది. ఆ పొగగొట్టాలు మా ఇంటి మేడ మీది నుంచి చూస్తూ పెరిగిన మా పిల్లలకు, వాటికీ ఉప్పాడ గోడలోని దేవుడి గూటికీ సంబంధం చెప్పడం సులువు కాదు. అందులోనూ మనవారిలో సగంమంది అన్నం తినేది ఆ బొగ్గు మీదనే.

మన దేశంలో స్థలాల ఎత్తు కొలవడానికి 1909లో తొమ్మిది రేవులలో ఏళ్ళ తరబడి అలలను కొలిచి సగటు సముద్రమట్టం నిర్ణయించారు; వాటిలో మన విశాఖపట్నం ఒకటి. స్టేషను పలకల మీది అంకెలన్నీ అక్కడినుంచి వచ్చినవే. కొలబద్ద మొదలే కదులుతున్నది గనుక, ఆ అంకెలను రంగువేసి ఎంత మెరిపించినా ఒక్కొక్క మిల్లీమీటరే తరుగుతున్నాయన్నమాట.

పరిశోధకులు చేసే పని ఓపికతో కూడినది. పాత సర్వే పటాల మీది తీరరేఖను తెచ్చి, ఉపగ్రహాలు తీసిన చిత్రాల మీది తీరరేఖ పక్కన పెట్టి, ఏ ఊరి దగ్గిర ఎన్ని మీటర్లు కదిలిందో చూస్తారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థవారు నేల వాలు, ఎత్తు, అలల ఎత్తు, ఆటుపోట్లు, మట్టి స్వభావం, తీరరేఖ కదలిక, సముద్రమట్టపు పెరుగుదల ఈ ఏడింటినీ కలిపి దేశపు తీరమంతటికీ అపాయపు పటాలు తయారుచేశారు. సముద్రం 60 సెంటీమీటర్లు పెరిగితే, ఆంధ్ర తీరంలో రెండు మీటర్ల ఎత్తులోపలనున్న 282 గ్రామాలలో 12 లక్షల 90 వేలమంది స్థానం కోల్పోతారని 2008లో నాగేశ్వరరావుగారి బృందం అంచనా కట్టింది. పటంలో ఎరుపురంగు పూసిన చోట మా అత్తవారిల్లు కూడా ఉన్నది. మామగారు కళ్ళజోడు సవరించుకొని చూసి, "మా వీధి బాగానే పడిందండీ" అన్నారు. సంతోషించారో లేదో తెలియలేదు.

మరి ఉపాయం? ఉప్పాడలో 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద సంచులతో గోడ కట్టారు. కొంతకాలం ఆగింది, తుఫానులు చింపేశాయి. రాళ్ళు పోశారు. రాతిగోడ వెనుక ఇల్లు నిలుస్తుంది, నిజమే. గోడముందు ఇసుక మిగలదు. ఇసుక లేకపోతే తెప్ప ఎక్కడ లాగాలి? అలివివల ఎక్కడ గుంజాలి? ఆపైన గోడ ఆగిపోయిన చోట, పక్క పేట కోత ఎక్కువవుతుంది. హాలెండువారు సముద్రంతో కొన్ని వందల ఏళ్ళు గోడలతో కుస్తీపట్టినవారు. వారు 2011లో తమ తీరాన ఒకచోట రెండు కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక తవ్వి తెచ్చి కుప్పపోసి, అలలనే పంచిపెట్టుకోమని వదిలేశారు. మన గోదావరి డబ్బు పుచ్చుకోకుండా చేసినపని అది!

నాకు ఎక్కువ ఆశ కలిగించింది కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలకు పూర్వపు ఓడరేవు నాశనమైన చోటు అది. ఇప్పుడక్కడ 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో మడ అడవి ఉన్నది. 1978లో దాన్ని ప్రకటించారు. మడచెట్ల వేళ్ళు బురదను గుప్పిట పట్టినట్టు పట్టి ఉంచుతాయి. వచ్చిన కాస్త ఒండ్రునూ పోనివ్వవు. అడవి నరికి చవుడు బారిన చోట్ల స్వామినాథన్‌గారి పరిశోధనా సంస్థవారు, అటవీశాఖవారు, ఊరివారు కలిసి చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటునీరు లోపలిదాకా వచ్చి పోయేటట్టు చేసి మొక్కలు నాటారు. నీరు ఆడితే మడ తనంతట తానే బతుకుతుంది. కాని మడచెట్టు ఉప్పాడలాంటి అలల తీరాన నిలవదు. దానికి ప్రశాంతమైన బురద కావాలి. కాబట్టి అన్ని ఊళ్ళకూ ఒకే మందు చెల్లదు.

మిగిలింది తరలిపోవడం. ఒరిస్సాలో కేంద్రపడా జిల్లా సతభాయా ఊళ్ళవారిని 2018లో బాగపాటియా అనే కొత్త కాలనీకి మార్చారు. గంజాం జిల్లాలో మన తెలుగు మత్స్యకారుల పోడంపేట కూడా అలాగే సముద్రం వదిలి లోపలికి జరిగింది. పట్టా, పక్కా ఇల్లు, కుళాయి అన్నీ బాగానే ఉంటాయి. అయితే తెల్లవారుజామున సముద్రం చప్పుడు విని ఇవాళ వేటకు పోవచ్చునో లేదో చెప్పగలిగే మనిషికి, రెండు మైళ్ళ అవతలి ఇంట్లో ఆ చప్పుడు వినబడదు. పడవను, వలను, ఇంజనును రాత్రిపూట ఎవరు కాస్తారు? ఈ ప్రశ్నలకు పటంలో రంగు లేదు. ఊరివారిని కూర్చోబెట్టుకొని అడిగితే తప్ప తేలేవి కావు.

ఉప్పాడ పెద్దమనిషి కూతురు లోపల స్థలం చూసుకున్నదట. పునాది కూడా తీశారు. ఆయన మాత్రం ఒడ్డున నాలుగు వెదుళ్ళు పాతి, తాటాకు కప్పి, వల అందులో పెట్టుకొన్నాడు. "పైన ఇల్లు ఆడాళ్ళకండి. ఇది నాకు," అన్నాడు. పోటు వస్తున్నదని లేచి, ముందువరస వెదుళ్ళు పీకి నాలుగడుగులు వెనక్కు పాతడం మొదలుపెట్టాడు. మామగారు వెళ్ళి ఒక గుంజ పట్టుకొన్నారు.